పేరును చూచి తీర్పు చెప్పవచ్చునా?

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

ముందు వరుసలో చాపల మీద కూర్చుని, ఈ ఉపన్యాసం ఎప్పుడు ముగుస్తుందా, పచ్చడి గిన్నెలు ఎప్పుడు వస్తాయా అని చూస్తున్న పిల్లలకు ఆశీస్సులు.

ఈ సంవత్సరం పేరు పరాభవ. పంచాంగం ఇంటికి వచ్చిన నాటి నుంచి "ఇదేం పేరండీ, శుభమా అంటూ!" అని మమ్మల్ని అడగనివారు లేరు. ఆ అడిగేవారికి మేము చెబుతున్న సమాధానం ఒక్కటే. 1966లోనూ ఇదే పేరుగల సంవత్సరం వచ్చింది. ఆ ఏట పుట్టిన పిల్లలు పెరిగి పెద్దవారై, మనుమలను ఎత్తుకుని, ఈ ఏట షష్టిపూర్తి చేసుకుంటున్నారు. అటువంటివారు ఈ సభలోనే కొందరు ఉన్నారు. వారిని చూస్తే పరాభవం ఎక్కడా కనబడదు. సంవత్సరానికి పేరు ఒకటి, లోపల జరిగేది మరొకటి. పేరును చూచి తీర్పు చెప్పరాదు. మేము నేడు మాట్లాడదలచినది కూడా ఇదే విషయం. కాని దారి మాత్రం కొంచెం కొత్తది.

కార్యదర్శిగారు మమ్మల్ని సంస్కృతిని గురించి మాట్లాడమన్నారు. ప్రతి ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతున్న విషయమే గనుక, ఈసారి ఒక ఆటను గురించి మాట్లాడతామని మనవి చేసుకున్నాము. ఆట అంటే చెడుగుడు కాదు, చదరంగం కాదు. తెర ముందు కూర్చుని ఆడే వీడియో ఆట. పెద్దలు నవ్వుతున్నారు. నవ్వవచ్చును. మేమూ మొదట నవ్వినవారమే.

జరిగినది ఇది. మొన్న రాత్రి ఈ మంటపంలోనే తోరణాలు కడుతూ ఉండగా ఇద్దరు అన్నదమ్ములు మాటా మాటా అనుకున్నారు. ఇద్దరూ మదురైలో పుట్టి పెరిగినవారే, మన సంఘం కుటుంబాలవారే. చేతిలో మామిడాకులు, ఒళ్లో పురికొస. అన్న అంటాడు: "ఒరే, అది మెట్రాయిడే కాదురా! పేరు తగిలించుకున్నంత మాత్రాన అయిపోతుందా?" తమ్ముడు అంటాడు: "నువ్వు ఒక్క రోజైనా ఆడావా అన్నా? ఆడకుండానే పదేళ్లుగా తిడుతున్నావు." తోరణం సగంలో ఆగిపోయింది. పక్కన పూలు గుచ్చుతున్న అవ్వ ఒకరు తల ఎత్తకుండానే ఒక మాట అన్నారు: "మన పిల్లదాని పెండ్లికి గుంటూరు నుంచి వచ్చిన చుట్టాలు మన మాటలు విని ఇదే గదరా అన్నారు. ఇది తెలుగే కాదు, అని."

ఆ తరువాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అవ్వ పూలు గుచ్చుతూనే ఉన్నారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాడు ఆ ఇద్దరినీ ఇంటికి పిలిచి, కాఫీ ఇప్పించి, వారి తగాదా మొదటి నుంచీ విన్నాము. మీకు మనవి చేయబోయేది ఆ తగాదా, దానిలో మాకు తోచిన మంచి చెడ్డలు.

ముందుగా మూలాన్ని గురించి. మెట్రాయిడ్ అనే ఆట 1986 ఆగస్టు 6వ తేదీన జపానులో వెలువడింది. చేసినవారు నింటెండో కంపెనీవారు. అందులో నాయిక పేరు సామస్ ఆరన్. ఒంటినిండా కవచం తొడుక్కుని, ఎవరి తోడూ లేకుండా, ఊరూ పేరూ తెలియని గ్రహం మీద దిగి, భూగర్భంలోని దారులు వెదుక్కుంటూ పోతుంది. ఒకచోట తలుపు తెరుచుకోదు. వేరొకచోట ఒక ఆయుధం దొరుకుతుంది. అప్పుడు వెనుకకు వచ్చి ఆ తలుపు తెరవాలి. దారి చెప్పేవారు లేరు, పలకరించేవారు లేరు. ఆ కవచంలో ఉన్నది ఆడమనిషి అన్న సంగతి, ఆటను త్వరగా ముగించినవారికి మాత్రమే చివరలో తెలిసేది. ఆ రోజులలో అది పెద్ద వింత. ఏకాంతమే ఆ ఆటకు ప్రాణం. నిశ్శబ్దమైన గుడి ప్రాకారంలో మధ్యాహ్నం వేళ ఒంటరిగా తిరిగినట్లు ఉంటుందని అన్న మాకు చెప్పాడు. మంచి పోలికే.

2002లో ఈ వంశంలోనే మెట్రాయిడ్ ప్రైమ్ అనే ఆట వచ్చింది. దానిని అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని రెట్రో స్టూడియోస్ వారు చేశారు. అంతకు ముందు పక్క నుంచి చూస్తూ ఆడే ఆటను, నాయిక కండ్లతోనే చూస్తూ ఆడేటట్లు మార్చారు. అప్పుడు కూడా "ఇది మెట్రాయిడేనా?" అని ముందుగా సందేహించినవారు చాలామంది. ఆట చేతికి వచ్చిన తరువాత ఆ సందేహం కరిగిపోయింది. సింగపూరులో ఉన్న మేనమామ పంపగా ఈ అన్న ఆడినది ఆ ఆటే. దాని తరువాత 2004లో రెండవ ప్రైమ్, 2007లో మూడవది వచ్చాయి. 2010లో అదర్ ఎం అనే మరొక ఆట వచ్చింది గాని, అందులో సామస్ స్వభావాన్ని చూపిన తీరు చాలామందికి రుచించలేదు. అటు తరువాత కొత్త ఆట లేదు. ఒక ఏడు, రెండేళ్లు, ఐదేళ్లు గడిచినవి.

ఇక తగాదాకు మూలమైన ఆట. 2015 జూన్ నెలలో, అమెరికాలో ఆ రోజులలో ఏటేటా జరుగుతుండిన ఆటల ప్రదర్శన సమయంలో, నింటెండోవారు ఒక ప్రకటన చేశారు. దాని పేరు మెట్రాయిడ్ ప్రైమ్: ఫెడరేషన్ ఫోర్స్. పేరు వినగానే ఎదురు చూస్తున్నవారి గుండెలు ఒక్కసారి ఎగిరిపడ్డవి. బొమ్మ చూడగానే చల్లబడిపోయినవి. అందులో నాయిక సామస్ కాదు. ఆట ఒంటరిది కాదు. ఫెడరేషన్ అనే ప్రభుత్వపు సైనికులు నలుగురు, పొట్టి పొట్టి ఆకారాలతో, పెద్ద యంత్ర కవచాలలో కూర్చుని, కలిసి పోరాడతారు. చేతిలో పట్టుకుని ఆడే త్రీడీఎస్ అనే చిన్న యంత్రానికి చేసిన ఆట అది. దానితోపాటు యంత్రాలు బంతిని తుపాకితో కొట్టి గోలులోకి తోసే ఒక బంతాట కూడా ఉన్నది. ఆ బంతాటను కొద్ది రోజుల ముందు మెట్రాయిడ్ పేరు చెప్పకుండానే ఒక పోటీలో ఆడించి చూపారు.

ఆట ఇంకా తయారు కాలేదు. ఎవరి చేతికీ రాలేదు. అయినా దానిని ఆపివేయాలని కోరుతూ ఒక విజ్ఞాపన పుట్టింది. కొద్ది కాలంలోనే వేలమంది దానిమీద సంతకాలు చేశారు. కంపెనీవారు ఆపలేదు. ఆట 2016 ఆగస్టులో అమెరికాలోనూ జపానులోనూ, సెప్టెంబరులో ఐరోపాలోనూ వెలువడింది. పత్రికలలో విమర్శకులు కొందరు ఫరవాలేదన్నారు, కొందరు పెదవి విరిచారు.

ఇంగ్లీషువారు ఇటువంటి ఆటను స్పిన్ ఆఫ్ అంటారు. మూలకథ నుంచి విడిపోయి, పక్కకు సాగిన ఆట. మనము కొమ్మ అందాము. మూలము చెట్టు, ఇది కొమ్మ.

అన్న చేసిన ఫిర్యాదులు మూడు.

మొదటిది: ఏకాంతం లేనిది మెట్రాయిడ్ కాదు. నలుగురు కేకలు వేసుకుంటూ ఆడే ఆటకు ఆ పేరు ఎందుకు? వేరే పేరు పెట్టుకుంటే మేమెవరమూ ఏమీ అనకపోదుము గదా!

రెండవది: సామస్‌ను పక్కకు నెట్టారు. నెట్టడం మాత్రమే కాదు, కథ చివరిలో ఆమె శత్రువులకు చిక్కి, వారి వశమై, కొండంత గోళంగా మారి, ఆడేవారి మీదికే దొర్లుకుంటూ వస్తుంది. మన నాయిక మీద మన చేతనే తుపాకి పేల్పించారు. ఇది చెబుతున్నప్పుడు అన్న గొంతు నిజంగానే మారింది. ముప్పయ్యయిదేళ్లవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. నవ్వడానికి మాకు మనసు రాలేదు.

మూడవది, బలమైనది: కాలం. 2016 మెట్రాయిడ్‌కు ముప్పయ్యవ సంవత్సరం. ఆ పండుగనాటికి కంపెనీవారి ఇంటి నుంచి వచ్చినది ఈ కొమ్మ ఒక్కటే. సరిగ్గా ఆ ఆగస్టు 6వ తేదీనే ఒక అభిమాని ఏండ్ల తరబడి సొంత శ్రమతో, పాత మెట్రాయిడ్ రెండవ ఆటను కొత్తగా మలచి, ఉచితంగా లోకానికి ఇచ్చాడు. కంపెనీవారు హక్కుల చట్టం కింద నోటీసులు పంపి కొద్ది రోజులలోనే దానిని తీసివేయించారు. చట్టం ప్రకారం వారికి ఆ హక్కు ఉన్నది, కాదనము. కాని పండుగనాడు ఇంట్లో వంట చేయక, పక్కింటివారు ఆప్యాయంగా తెచ్చిన గిన్నెను కూడా గుమ్మం దగ్గరనే తిప్పి పంపితే, ఆకలితో కూర్చున్నవాడికి ఎట్లా ఉంటుంది మామయ్యా, అని అన్న అడిగాడు.

మేము సమాధానం చెప్పలేకపోయాము.

ఇక తమ్ముడు. అతడు ఆ రోజులలో అమెరికాలో చదువుకుంటున్నాడు. నలుగురు కలిసి ఒక ఇంట అద్దెకు ఉండేవారు. ఒకరు గుంటూరు అబ్బాయి, ఒకరు తిరునెల్వేలి తమిళ అబ్బాయి, ఒకరు మెక్సికో దేశస్థుడు, నాలుగవవాడు మనవాడు. శనివారం రాత్రి వంట అయిన తరువాత నలుగురూ నాలుగు చిన్న యంత్రాలు పట్టుకుని ఆ ఆట ఆడేవారు. అతడు చెప్పినదాన్ని అతడి మాటలలోనే చెబుతాము.

"మామయ్యా, ఆ ఆటలో ఇరవై రెండు ఘట్టాలు. మూడు గ్రహాలు; ఒకటి మంచు, ఒకటి ఎడారి, ఒకటి విషవాయువులు. ప్రతి ఘట్టానికి ముందు సామాను పంచుకోవాలి. ఒక్కొక్కడు మోయగలిగిన బరువుకు హద్దు ఉంటుంది. క్షిపణులు నీవు తీసుకుంటావా, మరమ్మతు మందు నేను తీసుకుంటానా, శత్రువును మోసగించే బొమ్మను వాడు తీసుకుంటాడా అని మాట్లాడుకోవాలి. అందరూ క్షిపణులే కావాలంటే మధ్యలో అందరూ కూలిపోతారు. మొదటి వారం మేము అట్లాగే కూలిపోయాము. రెండవ వారానికి మెక్సికో అబ్బాయి మరమ్మతు పని తీసుకున్నాడు. వాడికి మా భాష రాదు, మాకు వాడి భాష రాదు. అందరి ఇంగ్లీషూ అంతంత మాత్రమే. కాని ఎవడు పడిపోతే వాడి దగ్గరకు వాడే పరుగెత్తేవాడు. పొట్టి ఆకారాలంటారు, ఆ చిన్న తెర మీద ఎవడు ఎక్కడ ఉన్నాడో ఇట్టే తెలిసేది. అన్న చెప్పే ఏకాంతం అందులో లేదు, నిజమే. కాని ఆ ఊళ్లో నాకు ఏకాంతం కావలసినంత ఉండేది. నాకు కావలసినది తోడు. ఆ తోడును ఆ ఆట ఇచ్చింది."

ఇప్పుడు అన్న సమాధానం చెప్పలేకపోయాడు.

తమ్ముడు ఇంకొక మాట చెప్పాడు. ఈ ఆట చేసినవారు చేతకానివారు కారు. కెనడాలోని వాంకూవర్ నగరపు నెక్స్ట్ లెవెల్ గేమ్స్ అనేవారు. వీరు 2013లో లుయీజీ అనే పాత్రతో చేసిన దయ్యాల మేడ ఆటను అందరూ మెచ్చుకున్నారు; 2019లో దాని తరువాతి ఆటనూ అంతకంటె మెచ్చుకున్నారు. 2021లో నింటెండోవారు ఆ సంస్థనే తమలో కలుపుకున్నారు. కనుక పనివారి చేతిలో లోపం లేదు. మరి తగాదా దేనిని గురించి?

ఇద్దరినీ విన్న తరువాత మాకు తోచినది ఇది. ఇక్కడ ఉన్నవి రెండు ప్రశ్నలు. వాటిని ఒకటిగా కలిపివేయడం వలననే ఇంత గొడవ. మొదటి ప్రశ్న: ఈ ఆట బాగున్నదా, లేదా? రెండవ ప్రశ్న: మేము ఎదురుచూస్తున్నది ఇదేనా, కాదా? రెండవదానికి సమాధానం స్పష్టం: కాదు. ఎదురుచూసినవారు కోరినది ఇది కాదు. కాని రెండవ ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని తీసుకుపోయి మొదటి ప్రశ్న నెత్తిన రుద్దారు. "మేము కోరినది కాదు" అన్న మాట, నోటిలో నుంచి బయటకు వచ్చేసరికి "ఇది పనికిమాలినది" అయిపోయింది.

దీనికి సాక్ష్యం ఆ వంశంలోనే ఉన్నది. 2005లో ఇదే మెట్రాయిడ్ ప్రైమ్ పేరుతో ఒక పిన్‌బాల్ ఆట వచ్చింది. గుండును మీట కొట్టి పైకి పంపే ఆట. మూలానికి దానికంటె దూరమైన కొమ్మ ఉంటుందా? అయినా దానిని ఆపమని ఇటువంటి ఉద్యమం ఏదీ లేవలేదు. 2006లో హంటర్స్ అనే మరొక కొమ్మ వచ్చింది. అందులో పలువురు ఒకరితో ఒకరు పోట్లాడుకోవడమే ప్రధానం. దానికీ ఇంత రభస లేదు. ఎందుచేత? 2004లో రెండవ ప్రైమ్ వచ్చి ఉన్నది, మూడవది రానున్నది. చెట్టు పచ్చగా ఉన్నది. అటువంటప్పుడు కొమ్మ ఎటు పోతే నేమి? అట్లాగే 1992లో మారియో అనే ప్రసిద్ధ పాత్రను బండి ఎక్కించి పందెం పరుగు పెట్టించారు. గెంతులు వేసేవాడికి బండి ఏమిటని కోపగించినవారు ఎంతమంది? అప్పటికే 1990లో మారియో గెంతే కొత్త ఆట వచ్చి అందరి ఆకలీ తీరి ఉన్నది. నేడు ఆ పందెం ఆటే ఒక చెట్టయి నిలిచింది.

కడుపు నిండినవాడు కొత్త రుచిని సరదాగా చూస్తాడు. ఆకలితో ఉన్నవాడికి అదే రుచి ఎగతాళి అనిపిస్తుంది. రుచిలో మార్పు లేదు. మార్పు ఆకలిలో ఉన్నది. కనుక 2015లో ఆ కోపం అన్యాయమని మేము అనము. ఆ కోపం కొమ్మ మీదికి పోవడం మాత్రం గురి తప్పిన బాణం. అది పోవలసినది చెట్టుకు నీళ్లు పోయని తోటమాలి మీదికి.

అట్లాగని కొమ్మలో లోపాలు లేవని చెప్పము. తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు. నలుగురు లేనిదే ఆ ఆట రక్తి కట్టదు. ఒంటరిగా ఆడవచ్చును గాని, నలుగురి బరువును ఒక్కడు మోసినట్లుంటుంది. పెండ్లి పందిరి ఒక్కడు మోయగలడా? ఆ మాట విని అన్న, "చూశావా, ఒంటరిగా ఆడటానికే వచ్చిన మాబోటివారికి అందులో చోటు లేదు" అన్నాడు. అది న్యాయమైన మాట. తల్లి పేరు పెట్టుకున్న ఇంట్లో, తల్లి చుట్టాలకు కూర్చోవడానికి ఒక పీట అయినా ఉండాలి. పేరు వాడుకున్నవాడికి పేరు పట్ల అప్పు ఉంటుంది. ఫెడరేషన్ ఫోర్స్ ఆ అప్పును పూర్తిగా తీర్చలేదన్నది మా అభిప్రాయం కూడా.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2017 జూన్‌లో ప్రైమ్ నాలుగవ ఆట రాబోతున్నదని ప్రకటన వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో మెట్రాయిడ్ రెండవ ఆటకు కంపెనీవారి సొంత కొత్త రూపం వచ్చింది. 2021 అక్టోబరులో డ్రెడ్ అనే ఆట వచ్చి అందరి మెప్పూ పొందింది. చెట్టు మళ్లీ చిగిర్చేసరికి కొమ్మ మీది కోపం మెల్లమెల్లగా తగ్గింది. ప్రైమ్ నాలుగవ ఆట పనిని 2019లో మళ్లీ మొదటి నుంచి ప్రారంభించి, చివరకు 2025 డిసెంబరు 4వ తేదీన వెలువరించారు. అందులో ప్రతినాయకుడు సైలక్స్ అనేవాడు. వాడు మొదట పుట్టినది ఎక్కడ? 2006 నాటి హంటర్స్ అనే కొమ్మలో. మళ్లీ కనిపించి, రాబోయే కథకు నాంది పలికినది ఎక్కడ? అందరూ ఆపివేయమన్న ఈ ఫెడరేషన్ ఫోర్స్‌లో, ఆఖరున దాచి ఉంచిన ఒక చిన్న దృశ్యంలో. పద్దెనిమిదేళ్లు ఎదురుచూడగా వచ్చిన చెట్టు కాపుకు, విత్తనం రెండు కొమ్మలలో దాగి ఉన్నది. ఈ సంగతి తమ్ముడు చెబితే అన్న, "అది నాకూ తెలుసులేరా" అన్నాడు. తెలిసి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు! తమ్ముడు పకపక నవ్వాడు. అన్న కూడా నవ్వక తప్పలేదు.

ఇంకొక సంగతి, కొంచెం విచారకరమైనది. ఆ చిన్న యంత్రాల తయారీని 2020లోనే మానివేశారు. వాటికి ఊళ్ల మధ్య, దేశాల మధ్య కలిసి ఆడుకునే సదుపాయాన్ని 2024 ఏప్రిల్‌లో కంపెనీవారు నిలిపివేశారు. నేడు ఆ ఆటను నలుగురు ఆడాలంటే నలుగురూ పక్కపక్కన కూర్చోవలసిందే. తమ్ముడి స్నేహితులు ఇప్పుడు నాలుగు ఊళ్లలో ఉన్నారు. "ఆ ఆటను ఇప్పుడు తిట్టేవారూ తగ్గారు, ఆడేవారూ తగ్గారు మామయ్యా" అన్నాడు. ఆడకుండా తిట్టినవారికి ఇక ఆడి చూసే అవకాశం కూడా సన్నగిల్లింది. తీర్పును తొందరపడి చెప్పవచ్చును. సాక్షి మాత్రం ఎల్లకాలం మన కోసం కాచుకుని ఉండడు.

సోదరులారా, కొమ్మల తగాదా మనకు కొత్తది కాదు. 1957లో వచ్చిన మాయాబజార్ చిత్రాన్ని మెచ్చుకోని తెలుగువాడు లేడు. అందులోని శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేదు. మూలంలో లేదు గనుక అది భారత కథ కాదని ఎవరైనా లేచిపోయారా? కథ తెలిసి, కడుపు నిండిన జనం గనుక, కొమ్మను చూచి కొట్టిన చప్పట్లు నేటికీ ఆగలేదు.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరి ఉదాహరణ చెబుతాము. ఇక్కడికి ఆట్టే దూరం లేని తంజావూరులో, రఘునాథ నాయకుని ఆస్థానంలో, పదిహేడవ శతాబ్దిలో చేమకూర వేంకటకవి విజయవిలాసం రచించాడు. భారతంలో అర్జునుని తీర్థయాత్ర ఒక చిన్న ఘట్టం. ఆ ఘట్టాన్ని విడదీసి ఒక కావ్యం చేశాడు. అది కూడా కొమ్మయే. అందులోనూ గోదావరీ తీరాన కాక, కావేరీ తీరాన పెరిగిన కొమ్మ. తంజావూరులో, మన మదురైలో తెలుగు కవులు వ్రాసిన ఆ కాలానికి సాహిత్య చరిత్రకారులు కొందరు పెట్టిన పేరు మీకు తెలుసునా? క్షీణయుగం. పేరు పెట్టిన తరువాత చదివేవారు తగ్గరా మరి? కాని మంచి చదువరులు ఆ పుస్తకాన్ని వదలిపెట్టలేదు. తాపీ ధర్మారావుగారు విజయవిలాసానికి విపులమైన వ్యాఖ్య వ్రాశారు. దానికి 1971లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ ధర్మారావుగారు పుట్టినది నేటి ఒడిశాలోని బరంపురంలో. ఒక కొమ్మ మీది పువ్వును ఇంకొక కొమ్మ మీది తుమ్మెద గుర్తించిందన్న మాట.

ఇప్పుడు అవ్వ అన్న మాటకు వద్దాము. మన మాట విని "ఇది తెలుగే కాదు" అన్న చుట్టాల మీద మాకు కోపం లేదు. వారు అడిగినది రెండవ ప్రశ్న: మేము వినడానికి అలవాటుపడినది ఇదేనా? కాదు, నిజమే. మన మాటలో అరవం కలిసింది. నాలుగు వందల ఏండ్లనాటి పాత మాటలు కొన్ని అట్లాగే నిలిచిపోయినవి. కొన్ని కొత్త మాటలు మన దాకా రాలేదు. కాని మొదటి ప్రశ్న వేరు. ఈ మాటతో మన అవ్వ మనుమడికి జోలపాట పాడిందా? ఈ మాటతో కొట్లో బేరం జరిగిందా, పెండ్లి సంబంధం కుదిరిందా, చావు దగ్గర ఓదార్పు దొరికిందా? దొరికింది. అటువంటప్పుడు ఇది భాషగా తన పని తాను చేసినట్లే. అమెరికాలో తమ్ముడికి ఆ ఆట చేసిన పని ఇటువంటిదే.

కాని, ఇక్కడ మనల్ని మనం పొగుడుకుని కూర్చుంటే న్యాయం కాదు. పేరు వాడుకున్నవాడికి అప్పు ఉంటుందని ఇంతకు ముందే చెప్పాము. అది ఆ కెనడావారికి మాత్రమేనా? మనకు లేదా? మన సంఘం పలక మీద తెలుగు అని వ్రాసి ఉన్నది. ఆ పలకను చదవగలిగిన పిల్లలు ఈ సభలో ఎందరు? ఈ సంచికలో మా ప్రసంగం అచ్చయితే, మీ ఇంటి పిల్లలు తామే చదువుతారా, మీరు చదివి వినిపించాలా? మేము ఎవరినీ నిందించడం లేదు. మా ఇంట్లోనే మనుమరాలు తెలుగు చక్కగా మాట్లాడుతుంది, అక్షరం రాదు. తల్లి ఇంటి చుట్టాలు వస్తే వేయవలసిన ఆ ఒక్క పీట మన ఇంట్లోనూ కొరతగానే ఉన్నది. గుంటూరువారు మన యాసను చూచి నవ్వితే మనము నవ్వి ఊరుకోవచ్చును. అక్షరం రాదని నవ్వితే మాత్రం తల వంచుకోవలసిందే.

అందుచేత ఈ ఏడాది మేము కోరేది చిన్న పని. ఆదివారం ఉదయం ఈ మంటపంలోనే గంటసేపు అక్షరాలు నేర్పుదాము. ఆ అన్నదమ్ములు ఇద్దరూ ఒప్పుకున్నారు. అన్న నేర్పుతాడు. తమ్ముడు పిల్లలను పోగుచేస్తాడు. నలుగురిని కూడగట్టే పని అతడికి బాగా వచ్చును గదా! అవ్వ కూడా వస్తామన్నారు. నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి. ఆమెకు డెబ్బయ్యెనిమిదేళ్లు.

ఇంతకూ ఆ తగాదా తీరిందా అని మీరు అడగవచ్చును. తీరలేదు. నిన్న కూడా అన్న, "బాగుందేమోరా, కాని మెట్రాయిడ్ కాదు" అన్నాడు. తమ్ముడు, "కాదేమో అన్నా, కాని బాగుంది" అన్నాడు. ఇద్దరూ చెరొక అడుగు ముందుకు వేశారు. అంతకంటె ఎక్కువ తీర్పు ఈ విషయంలో అక్కరలేదని మా మనవి.

ఇక ముందు వరుసలోని పిల్లల ఓపికను మేము పరీక్షించము. పచ్చడి వస్తున్నది. వేపపువ్వు కనబడగానే గిన్నె పక్కకు నెట్టకండి. ముందు నాలుక మీద వేసుకుని, ఆ తరువాత చేదో కాదో చెప్పండి.

అందరికీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. సెలవు.